ఉప్పు నీళ్లకు మళ్లీ ఉప్పా?

గీజరు విప్పిన రోజు ప్లంబరు పెద్దగా ఏమీ మాట్లాడలేదు. లోపలి హీటింగ్ ఎలిమెంటును బయటికి లాగి, పాత పేపరు మీద పెట్టి, స్క్రూడ్రైవర్ పిడితో దాని నెత్తిన ఒక్కటిచ్చాడు. పెంకులు రాలాయి. పాత గోడ నుంచి సున్నం ఊడినట్టు, మందంగా, తెల్లగా. వాటి కింద కాలి నల్లబడ్డ లోహం కనిపించింది. తర్వాత ట్యాంకు అడుగు నుంచి రెండు మగ్గుల పిండి తోడి పోశాడు. పిండి అంటే నిజంగా పిండే, తడిసిన సుద్దపొడిలా ఉంది.

"పెట్టించి ఎన్నాళ్లయింది సార్?"

"ఏడాదిన్నర."

"పర్లేదు, చాలా కాలమే ఆగింది" అన్నాడు.

ఆ ఏడాదిన్నరా ఆ నీళ్లు మాకు చెబుతూనే ఉన్నాయి, మేమే వినిపించుకోలేదు. కొత్త ఇంట్లోకి వచ్చాక అన్నీ బోరు నీళ్లే. స్టీలు గ్లాసులు తుడవకుండా బోర్లిస్తే చుక్క ఆరిన చోటల్లా తెల్లటి వలయం మిగిలేది. షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోయి, మిగతావి తలో దిక్కుకూ చిమ్మేవి. ఆరిన తువ్వాలు మడతపెడితే అట్టముక్కలా విరిగేలా ఉండేది. సబ్బు అరిగిపోతుంది గానీ నురగ రాదు. బకెట్ అంచు చుట్టూ బూడిదరంగు జిడ్డు. తల దువ్వుకుంటే జుట్టు పీచులా చిక్కుపడేది. దేనికదే విడి జబ్బు అనుకున్నాం. సబ్బు మార్చాం, షాంపూ మార్చాం, బట్టల పౌడరు రెట్టింపు వేశాం. వాషింగ్ మెషీన్ సరిగా ఉతకడం లేదని మెకానిక్‌ను కూడా పిలిచాం. గీజరు వేడెక్కేటప్పుడు లోపల పటపటమని చప్పుడు వచ్చేది. అది దాని స్వభావం అనుకున్నాను. అడుగున పేరుకున్న గార కింద చిక్కిన నీళ్లు ఆవిరై పైకి తన్నుకొచ్చే చప్పుడు అదని తర్వాత తెలిసింది.

ప్లంబరు వెళ్లాక ఆ పెంకుల్లో రెండు గాజు గ్లాసులో వేసి వినెగర్ పోశాను. సోడా పొంగినట్టు బుసబుసమంటూ బుడగలు లేచాయి. గంట గడిచేసరికి పెంకులు చాలావరకు కరిగి, అడుగున కాస్త గోధుమరంగు మడ్డి మాత్రం మిగిలింది. ఇది ఎవరైనా చేసుకోగల మొదటి పరీక్ష. బుడగలు వచ్చాయంటే అది కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. బుడగలే రాకపోతే ఆ గార సల్ఫేటో సిలికానో అయి ఉండవచ్చు. అలాంటిదైతే వినెగర్‌కు తేలిగ్గా లొంగదు.

సుద్ద నీళ్లలోకి ఎలా వచ్చింది? వాన నీరు గాల్లోంచి కొంచెం, నేలలోంచి అంతకంటే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని స్వల్పంగా ఆమ్లమవుతుంది. సున్నపురాయి లాంటి రాళ్ల గుండా దిగేటప్పుడు వాటిలోని కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల రూపంలో కరిగి నీళ్లతో వచ్చేస్తాయి. నీళ్లు స్వచ్ఛంగా, తళతళలాడుతూ ఉంటాయి, కంటికి ఏమీ తెలియదు. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, సుద్ద మళ్లీ రాయిగా పేరుకుంటుంది. భూమి లోపల కరిగిన రాయిని నా గీజరు రోజూ కరెంటు ఖర్చుపెట్టి తిరిగి తయారు చేస్తోందన్నమాట. చల్లనీళ్ల పైపు కంటే వేడినీళ్ల పైపు ముందు పూడుకుపోవడానికి కారణం ఇదే.

ఇంతవరకు నేను తెలుసుకున్నది సరైనదే. తప్పటడుగు తర్వాత వేశాను. నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపించే, పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటరు ఒకటి కొన్నాను. కుళాయి నీళ్లలో ముంచితే 710 చూపించింది. వంటింట్లో ఆర్వో మెషీన్ నీళ్లలో ముంచితే 60. ఇంకేం, మూలం దొరికిపోయింది అనుకున్నాను. కొన్నాళ్లు ఆ మీటరు జేబులో పెట్టుకుని తిరిగాను కూడా. ఎవరింటికి వెళ్లినా వాళ్ల నీళ్లలో ముంచి, అంకె చదివి, పెదవి విరిచేవాణ్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అసలు తిరకాసు మన మాటలోనే ఉంది. సబ్బు నురగ రాని నీళ్లన్నిటినీ మనం ఉప్పు నీళ్లు అనేస్తాం. నాలుకకు ఉప్పగా తగిలే నీళ్లు వేరు, సబ్బును విరిచే నీళ్లు వేరు. నాలుకకు తగిలేది ఎక్కువగా సోడియం క్లోరైడు. సబ్బును విరిచేవి కాల్షియం, మెగ్నీషియం. ఇవి ఎక్కువున్న నీళ్లే కఠిన జలం, ఆ గుణమే కాఠిన్యం. కొన్నిచోట్ల రెండూ ఒకే నీళ్లలో ఉంటాయి, అందుకే ఆ పేరు స్థిరపడి ఉంటుంది. మా నీళ్లు నాలుకకు అసలు ఉప్పగా ఉండేవి కావు. అయినా మేమంతా ఉప్పు నీళ్లనే అనేవాళ్లం. ఆ పేరే నన్ను టీడీఎస్ మీటరు వైపు తోసింది. ఆ మీటరు కొలిచేది నీళ్ల విద్యుత్ వాహకతను. దాన్ని ఒక గుణకంతో లెక్కకట్టి, కరిగిన లవణాలు ఇన్ని అని చూపిస్తుంది. ఆ లవణం కాల్షియందా సోడియందా అన్నది దానికి పట్టదు. 710లో సబ్బును విరిచే భాగం ఎంతో అది చెప్పలేదు.

సరైన పరీక్షకు చేరే లోపల ఇంకా కొన్ని వృథా ప్రయాసలు పడ్డాను. పటిక తిప్పి చూశాను. పటిక బురదను అడుక్కి దింపుతుంది తప్ప కరిగిన కాల్షియాన్ని తీయదు. సరికదా, అది బైకార్బొనేట్‌ను కొంత తినేసి దాని చోట సల్ఫేటును వదులుతుంది. అంటే మరగబెడితే పోయే కాఠిన్యంలో కొంత భాగాన్ని మరగబెట్టినా పోనిదిగా మారుస్తుంది. కుళాయికి తగిలించే కార్బన్ ఫిల్టరు పెట్టాను. క్లోరిన్‌కూ వాసనకూ అది మంచిదే, కాఠిన్యంతో దానికి పనిలేదు. బంధువు ఒకాయన పైపుకు బిగించే అయస్కాంతం ఇచ్చి "పెట్టి చూడు బాబూ, పోయేదేముంది" అన్నాడు. పెట్టాను. కొత్త షవర్ తల కూడా అదే రోజు బిగించి మూడు నెలలు చూశాను. పాతది ఎంత తెల్లబడేదో ఇదీ అంతే తెల్లబడింది. అయస్కాంతాల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. నా ఇంట్లో మాత్రం దాని ప్రభావం నాకు కనబడలేదు.

ఆ తర్వాత సీసా పరీక్ష చేశాను. ఇందులోనూ మొదటిసారి పప్పులో కాలేశాను. రెండు సీసాలు తీసుకుని, ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ మూడో వంతు వరకు నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ఊపాను. రెండింట్లోనూ బ్రహ్మాండంగా నురగ వచ్చింది! మా నీళ్లు మంచివే కాబోలు అని పొంగిపోయాను. కానీ ఆ లిక్విడ్ సబ్బు కాదు, డిటర్జెంట్. కఠిన జలంలోనూ నురగ రావాలనే డిటర్జెంట్లను తయారు చేస్తారు. మర్నాడు బట్టల బార్ సబ్బును, అదీ డిటర్జెంట్ బార్ కాకుండా అసలు సబ్బును, చాకుతో చెక్కి రెండింట్లోనూ సమానంగా వేశాను. డిస్టిల్డ్ వాటర్ సీసాలో నురగ మెడదాకా లేచి అలాగే నిలబడింది. కుళాయి నీళ్ల సీసాలో నీళ్లు పాలలా విరిగి, తెల్లటి తునకలు తేలాయి. సబ్బులోని కొవ్వు ఆమ్లం కాల్షియంతో కలిసి ఇలా కరగని జిడ్డుగా మారుతుంది. బకెట్ అంచున ఏడాదిన్నరగా మేం రుద్దుతున్నది దీన్నే. తువ్వాలు బిరుసెక్కడంలోనూ, జుట్టు పీచవడంలోనూ దీని పాత్ర ఉంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్నీ తినేసిన తర్వాతే సబ్బు నురగ ఇవ్వడం మొదలుపెడుతుంది.

సీసా పరీక్ష ఉందా లేదా అని చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. దానికి చుక్కల కిట్ తెప్పించాను. అక్వేరియంలో చేపలు పెంచేవాళ్లు వాడేది కూడా ఇలాంటిదే. గీత వరకు నీళ్లు పోసి, బఫర్ ద్రావణం వేస్తే పీహెచ్ 10 దగ్గర నిలుస్తుంది. తర్వాత సూచిక, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటే ద్రావణం వెంటనే ముదురు ఎరుపెక్కుతుంది. ఇక ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ, ప్రతి చుక్కకూ కలుపుతూ లెక్కపెట్టాలి. ఈడీటీఏ ఆ లోహాలను ఒక్కొక్కటిగా పట్టి కట్టేస్తుంది. చివరిది కూడా చిక్కాక ఎరుపు పోయి శుద్ధ నీలం వస్తుంది. నా కిట్‌లో ఒక్కో చుక్క లీటరుకు 20 మిల్లీగ్రాముల కాఠిన్యానికి సమానం.

ఇది చదువుతుంటే తేలిగ్గానే ఉంటుంది. చేసేటప్పుడు మాత్రం రంగు ఒక్కసారిగా మారదు. ఎరుపుకూ నీలానికీ మధ్య వంగపండు రంగు ఒకటి వచ్చి మోసం చేస్తుంది. మొదటిసారి రాత్రిపూట పసుపు లైటు కింద చేసి 24 చుక్కలు లెక్కపెట్టాను. మర్నాడు కిటికీ పక్కన, వెనక తెల్లకాగితం పెట్టి చేస్తే 20. మళ్లీ చేసినా 20. అంటే లీటరుకు 400 మిల్లీగ్రాములు, కాల్షియం కార్బొనేట్‌గా లెక్కిస్తే. 60 లోపు మృదు జలం, 120 వరకు ఓ మోస్తరు, 180 వరకు కఠినం, ఆపైన బాగా కఠినం అని ఒక వాడుక లెక్క ఉంది. మాది ఆ 180కి రెట్టింపు దాటింది.

కొలమానాల గొడవ కూడా ఒకటుంది. కాఠిన్యాన్ని తీసే సాఫ్ట్‌నర్ మెషీన్లు అమ్మేవాళ్లు కొందరు జర్మన్ డిగ్రీల్లో చెబుతారు, ఒక డిగ్రీ అంటే 17.8 మిల్లీగ్రాములు. ఫ్రెంచి డిగ్రీ 10. అమెరికా లెక్కలో గ్యాలన్‌కు ఒక గ్రెయిన్ అంటే 17.1. మా 400 ఒకచోట 22, ఇంకోచోట 40, మరోచోట 23 అవుతుంది. "మీకు ఇరవై రెండేనా, అయితే చిన్న మెషీన్ చాలు" అని ఫోనులో ఒకాయన అన్నప్పుడు ఏ ఇరవై రెండు అని అడగబట్టి బతికిపోయాను.

ఇంకో పరీక్ష కూడా చేశాను, దీని మీద నాకు మక్కువ ఎక్కువ. లీటరు నీళ్లను పది నిమిషాలు సలసలా మరగనిచ్చి, చల్లారాక వడకట్టి, ఆవిరైపోయిన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ లీటరు చేశాను. అలా పోయకపోతే మిగిలినవి చిక్కబడి లెక్క తప్పుతుంది. ఈసారి 9 చుక్కలకే నీలం వచ్చింది. అంటే 20లో 11 చుక్కలు మరగబెడితే పోయేవి. బడిలో తాత్కాలిక కాఠిన్యం అని చదువుకున్నది ఇదే. మిగిలిన 9 సల్ఫేట్లు, క్లోరైడ్లతో ఉండే శాశ్వత కాఠిన్యం. గీజరులో గార కట్టేది మొదటిది, సబ్బును విరిచేది రెండూ.

ఇంట్లో అందరి భయం ఆరోగ్యం గురించే. కిడ్నీలో రాళ్లొస్తాయనీ, అవీ ఇవీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో కాఠిన్యానికి ఆరోగ్యపరంగా గరిష్ఠ పరిమితి ఏదీ పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసినవే. అలాగని సాఫ్ట్‌నర్ అమ్మేవాళ్లు చర్మం గురించి చెప్పే మాటలన్నీ నమ్మడానికీ లేదు. ఎగ్జిమా అనే చర్మవ్యాధి ఉన్న 336 మంది పిల్లల మీద ఇంగ్లండ్‌లో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఇంట్లో సాఫ్ట్‌నర్ పెట్టినందువల్ల మామూలు వైద్యానికి మించిన మేలు అందులో కనబడలేదు. నేను సాఫ్ట్‌నర్ పెట్టించింది పైపుల కోసం, గీజరు కోసం, బట్టల కోసం. ఒంటి కోసం కాదు.

ఇల్లంతటికీ ఆర్వో పెట్టిస్తే అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆర్వో అన్నిటినీ తీసేస్తుంది గానీ, కొంత నీటిని మురుగులోకి వదిలేస్తుంది. పైగా ఇంత కఠిన జలం నేరుగా ఇస్తే దాని పొర మీదే గార కడుతుంది. బట్టలు ఉతకడానికీ స్నానాలకూ అంత అవసరం లేదు. ఉప్పు అక్కర్లేని సాల్ట్‌లెస్ కండిషనర్ ఒకటి చూపించారు. అది కాల్షియాన్ని తీయదు, గట్టిగా అంటుకోకుండా సన్నటి స్ఫటికాలుగా మారుస్తుందంటారు. "చుక్కల పరీక్షలో తేడా వస్తుందా?" అని అడిగాను. "రాదు సార్" అని నిజాయితీగానే చెప్పాడు. చుక్కల్లో తేడా రాని దాన్ని నేనెలా నమ్మాలి అనిపించి వదిలేశాను.

చివరికి రెసిన్ సాఫ్ట్‌నర్ దగ్గరే ఆగాను. ఆ విషయం చెప్పగానే అమ్మ చేతిలో పని ఆపి నావైపు చూసింది.

"ఉప్పు నీళ్లు పోగొట్టడానికి మళ్లీ ఉప్పు పోస్తావట్రా?"

అడగాల్సిన ప్రశ్నే. సాఫ్ట్‌నర్ ట్యాంకులో ఆవగింజల్లాంటి రెసిన్ పూసలుంటాయి. వాటికి సోడియం అయాన్లు అంటుకుని ఉంటాయి. కఠిన జలం వాటి మీదుగా పోతుంటే, పూసలు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. ఒక కాల్షియానికి రెండు సోడియాలు. కొన్నాళ్లకు పూసల నిండా కాల్షియమే చేరుతుంది. అప్పుడు చిక్కటి ఉప్పునీళ్లు పంపితే, సోడియం గుంపు మీద గుంపుగా వచ్చి కాల్షియాన్ని తోసేస్తుంది. ఆ తోసేసిన నీళ్లు మురుగులోకి పోతాయి, పూసలు మళ్లీ కొత్తవైనట్టే. "ఉప్పు నీళ్లలోకి పోదమ్మా, పూసలు కడగడానికి" అన్నాను. సగం నిజమే చెప్పాను. ఉప్పులోని సోడియం చివరికి ఇంటి నీళ్లలోకే చేరుతుంది. 100 మిల్లీగ్రాముల కాఠిన్యం పోయిన చోట 46 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. మా 400కు లీటరుకు 184. అందుకే వంటింటి కుళాయికీ, మొక్కల కుళాయికీ సాఫ్ట్‌నర్ కంటే ముందే పైపు చీల్చించాను. రక్తపోటుకు ఉప్పు తగ్గించమన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పని తప్పనిసరి. మొక్కలకైతే సోడియం బంకమట్టిని బిగదీసి నీళ్లు ఇంకకుండా చేస్తుంది.

అమ్మకు సున్నం సంగతి కూడా చెప్పాను. థామస్ క్లార్క్ అనే స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త 1841లో నీటి కాఠిన్యం తగ్గించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ పద్ధతి ఏమిటంటే, సున్నం కలిసిన నీళ్లలో ఇంకాస్త సున్నం వేయడం. కొత్త సున్నం బైకార్బొనేట్‌తో కలిసి, పాతదాన్ని కూడా వెంటబెట్టుకుని సుద్దగా అడుక్కి దిగిపోతుంది. "సున్నానికి సున్నం, ఉప్పుకు ఉప్పు. బాగానే ఉంది మీ చదువు" అని మళ్లీ పనిలో పడింది.

సైజు ఎంతో నేనే లెక్కగట్టాను. రోజుకు సాఫ్ట్‌నర్ గుండా పోయేవి 500 లీటర్లు. లీటరుకు 0.4 గ్రాములు, అంటే రోజుకు 200 గ్రాముల కాఠిన్యం. లీటరు రెసిన్, పొదుపుగా ఉప్పు వాడితే, సుమారు 50 గ్రాములు పడుతుంది. 25 లీటర్ల రెసిన్ అయితే 1250 గ్రాములు, అంటే ఆరు రోజులు. ఒక రోజు చేతిలో ఉంచుకుని అయిదు రోజులకోసారి కడగాలి. ఒక్కో కడుగుకు లీటరు రెసిన్‌కు 120 గ్రాముల చొప్పున మూడు కిలోల ఉప్పు. అమ్మకందారు చూపించిన చిన్న మోడల్‌లో రెసిన్ 10 లీటర్లే. అది రెండు రోజులకోసారి కడగమనేది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు పనిమంతుడే. ముందు ఇసుకను ఆపే ఫిల్టరు, తర్వాత సాఫ్ట్‌నర్, పాడైతే నీళ్లు ఆగకుండా బైపాస్ వాల్వు. మురుగు పైపును డ్రెయిన్‌లో ముంచకుండా కాస్త పైకి వదిలాడు, లేకపోతే మురుగు వెనక్కి పీల్చుకునే ప్రమాదం ఉందట. ఇనుము పరీక్ష కూడా చేశాడు. నీళ్లలో ఇనుము ఎక్కువుంటే పూసలకు పట్టేసి వాటిని పాడుచేస్తుంది. మాకు ఆ బెడద లేదు.

సాయంత్రం అతను వెళ్లబోతుంటే నేను గొప్పగా టీడీఎస్ మీటరు తీసి కొత్త నీళ్లలో ముంచాను. 690. పాతది 710! నాకు తలతిరిగిపోయింది. ఇంత తతంగం చేసి ఇరవై అంకెలా అని కాస్త గట్టిగానే అన్నాను. అతను మాట్లాడకుండా తన సంచిలోంచి చుక్కల కిట్ తీసి నా చేతిలో పెట్టాడు. సూచిక వేయగానే నీలం. ఒక్క చుక్క ఈడీటీఏ కూడా వేయకముందే. మీటరు అబద్ధం చెప్పలేదు. కాల్షియం పోయిన చోట సోడియం వచ్చి కూర్చుంది, విద్యుత్తు ఇంచుమించు అంతే పారుతోంది. మొత్తం కరిగిన పదార్థం బరువు నిజానికి కొంచెం పెరుగుతుంది కూడా. 160 మిల్లీగ్రాముల కాల్షియం పోయి 184 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది కాబట్టి. ఇది నాకు తెలియాల్సిన లెక్కే, అమ్మకు నేనే చెప్పాను కదా. ఆ కుర్రాడికి సారీ చెప్పాను. ఆ రోజు నుంచీ మీటరును వంటింటి ఆర్వోకే పరిమితం చేశాను, అక్కడ అది పనికొస్తుంది.

ఆరో రోజు మళ్లీ కథ మొదటికొచ్చింది. సాఫ్ట్‌నర్ తనంతట తాను కడుక్కున్నాక చుక్కలు వేస్తే 17 పట్టాయి. ఉప్పు ట్యాంకులో నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, మళ్లీ కడిగించి చూశాను. గంటన్నర తర్వాత కూడా మట్టం గీత దగ్గరే ఉంది. ఉప్పునీళ్లను అసలు పీల్చడం లేదన్నమాట. ఆ పీల్చే పని చేసేది సన్నటి గొట్టంలో వేగంగా పారే నీళ్ల ధాటి. ఆ వేగానికి నీటి ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్ ఒత్తిడి. మా పై ట్యాంకు అడుగు నుంచి సాఫ్ట్‌నర్ దాకా అయిదు మీటర్లు, అంటే అర బార్. మెషీన్ పుస్తకంలో కనీసం ఒకటిన్నర అని రాసి ఉంది. ఆ పేజీ నేనూ చదవలేదు, అమ్మినవాళ్లూ చెప్పలేదు. చిన్న ప్రెషర్ పంపు పెట్టించాక ఉప్పునీళ్లు గటగటా తాగేసింది. సాఫ్ట్‌నర్ కొనేవాళ్లు రెసిన్ ఎన్ని లీటర్లని అడిగే ముందు తమ ఇంట్లో ఒత్తిడి ఎంతో కొలుచుకోవాలని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఒకసారి ట్యాంకులో ఉప్పు నిండుగా కనిపిస్తున్నా నీళ్లు కఠినంగా వచ్చాయి. కర్రతో పొడిస్తే లోపల డొల్ల. పైన ఉప్పు తేమకు పెంకు కట్టి వంతెనలా నిలబడిపోయింది, కింద నీళ్లకు అది అందడమే లేదు. సన్న ఉప్పు వాడినందుకు ఆ శిక్ష. ఇప్పుడు శుభ్రమైన గళ్ల ఉప్పు వాడుతున్నాను, నింపేది సగం వరకే.

పాత గార తనంతట తాను పోలేదు. కొత్త నీళ్లు కొత్త గార కట్టనివ్వవు గానీ, ఉన్నదాన్ని అంత త్వరగా కరిగించవు. కెటిల్‌ను నిమ్మ ఉప్పుతో, అదే సిట్రిక్ యాసిడ్‌తో మరగబెట్టి కడిగాం. షవర్ తలను వినెగర్ నింపిన కవర్లో గంటసేపు కట్టి ఉంచాం. ఆ కవరు కారి పాలరాతి గట్టు మీద పడింది. తుడిచేలోపే నునుపు పోయి మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే, గారను తినే ఆమ్లం దాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? ఇంకో మాట, ఈ ఆమ్లాలను బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది, బాత్రూం లాంటి ఇరుకు చోట అది ప్రాణాంతకం.

మృదు జలానికి అలవాటు పడటమూ ఒక పనే. బట్టల పౌడరు సగానికి తగ్గించాం, లేకపోతే మెషీన్ నిండా నురగే. స్నానం చేస్తే ఎంతసేపు కడిగినా సబ్బు పోలేదన్నట్టు ఒళ్లు జారుతూ ఉంటుంది. మా ఆవిడకు అది నచ్చింది. అమ్మకు అస్సలు నచ్చలేదు. వారం రోజులు మొక్కల కుళాయి నుంచి బకెట్ నీళ్లు మోయించుకుంది. చివరికి బైపాస్ వాల్వు కొద్దిగా తెరిచి, కఠిన జలం కాస్త కలిసేలా చేశాను. చుక్కలు మూడుకు వచ్చేదాకా, అంటే 60 దగ్గర ఆపాను. అమ్మ ఆ నీళ్లతో స్నానం చేసి వచ్చి ఏమీ అనలేదు. బకెట్ మోయమనడం మాత్రం మానేసింది.

ఏడాది తర్వాత గీజరు మళ్లీ విప్పించాను. ఎలిమెంటు మీద వేలితో తుడిస్తే పోయే పలచటి పొర ఒకటి ఉందంతే. ట్యాంకు అడుగున దొరికిన కాస్త మడ్డి పైపుల్లోంచి రాలిన పాత గారే.

మొన్న నెలవారీ పరీక్ష చేస్తుంటే ఎన్ని చుక్కలు వేసినా నీలం రాలేదు. పది, పదిహేను, ఇరవై అయిదు. వంగపండు రంగు దగ్గరే నిలిచిపోయింది. రెసిన్ చచ్చిపోయిందనుకుని ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. "ముందు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి చూడండి సార్" అన్నాడు. అందులోనూ నీలం రాలేదు. బఫర్ సీసా మూత నేను సరిగా బిగించలేదు, అందులోని అమ్మోనియా కాస్తా ఎగిరిపోయింది. కొత్త సీసా తెప్పించి మళ్లీ చేశాను. మూడో చుక్కకు నీలం వచ్చింది.